పాత ప్లాటరు గీసిన రాగి గీత

సావనీరు సంపాదక మిత్రులు ఈ ఏడు నన్నొక వ్యాసం రాయమని అడిగినప్పుడు, పూర్వ విద్యార్థిని గనుక ఏదో జ్ఞాపకాలు రాసి తప్పించుకుందామనుకున్నాను. "సార్, జ్ఞాపకాలు ఇప్పటికే పదకొండు వచ్చినయ్, పనికొచ్చేది ఏమన్నా రాయండి" అన్నారు. పనికొచ్చేదంటే నాకు తెలిసింది ఒక్కటే. పాతబడిపోయి పక్కన పడేసిన పెన్ ప్లాటరుతో ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు చేసుకోవడం. పదేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను. అందులో ఒక బోర్డు మూలంగా మా చిన్నాయన బోరు మోటారు కాలిపోయింది. ఆ సంగతి కూడా దాచకుండా రాస్తాను, ఎందుచేతనంటే ఈ విద్యలో నేను నేర్చుకున్న అసలు పాఠం అక్కడే ఉంది.

మాది నారాయణఖేడ్. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1956కు ముందు బీదరు జిల్లాలో ఉండేది. అందుకే మా అంగడిలో ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం, ఒకటి మరాఠీ, బేరం మాత్రం ఉర్దూ. హైదరాబాదుకు నూరు కిలోమీటర్లు దాటిన దూరం. నేను చదువుకునే రోజుల్లో ఒక ట్రాన్సిస్టరు కావాలంటే ఆదివారం తప్ప ఏదో ఒక రోజు బస్సెక్కి కోఠీ గుజరాతీ గల్లీకి పోవాల్సిందే. పోతే ఒక రోజు పని. తెచ్చినది తప్పయితే రెండు రోజుల పని.

సరే, విడిభాగాలు దొరికాయి. వాటిని కూర్చడానికి బోర్డు? హైదరాబాదులో బోర్డులు చేసేవాళ్ళు లేకపోలేదు. 1967లో ఇ.సి.ఐ.ఎల్. పెట్టిన ఊరది, ఎలక్ట్రానిక్సు ఎరగని ఊరు కాదు. కాని ఒక్క బోర్డు చెయ్యమంటే ఎవరు చేస్తారు? "నూరు కావాలా, రెండు నూర్లా?" అని అడిగేవారు. ఒక్కటే అంటే ముఖం అదోలా పెట్టేవారు. వాళ్ళ తప్పు కాదు. ఫిల్ము తియ్యాలి, స్క్రీను కట్టాలి, ఒక్కదానికైనా నూటికైనా ఆ ఖర్చు ఒకటే.

అందుచేత మా తరం వాళ్ళంతా చేతితోనే గీసుకునేవాళ్ళం. 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' పత్రికలో అసలు సైజులో అచ్చయిన నమూనాను కార్బన్ కాగితం పెట్టి రాగి మీదికి ఎక్కించి, దాని మీద ఎనామిల్ పెయింటుతోనో, అక్కయ్య గోళ్ళ రంగుతోనో దిద్దేవాళ్ళం. రాగి రేకు అంటించిన ఆ గోధుమరంగు పలకను ఇప్పటికీ మనవాళ్ళు 'హైలం షీటు' అనే అంటారు. సనత్‌నగర్‌లో ఉండిన హైలం ఫ్యాక్టరీ పేరే వస్తువు పేరైపోయింది, వనస్పతికి డాల్డా అయినట్లు.

ఆ బోర్డు తత్త్వం తెలియని చదువరుల కోసం రెండు ముక్కలు. పలక మీద ఉన్న రాగి రేకు మందం 35 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. ఎక్కడ కరెంటు పారాలో అక్కడ రాగి ఉండాలి, తక్కిన చోట పోవాలి. ఉండాల్సిన చోట రంగు పూసి పలకను ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే, రంగు లేని చోట రాగి కరిగిపోతుంది. తర్వాత రంగు తుడిచేస్తే గీతలు గీతలుగా రాగి మిగులుతుంది. అంతే. కనుక పనంతా ఆ రంగు గీత మీద ఆధారపడి ఉంది. గీత ఎంత బాగుంటే బోర్డు అంత బాగుంటుంది. చేతితో గీస్తే ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఐ.సి. కాళ్ళ మధ్య 2.54 మిల్లీమీటర్లు, నా గోళ్ళ రంగు బ్రష్షు వెడల్పు రెండు.

ఇక ప్లాటరు సంగతి. ఇప్పటి విద్యార్థుల్లో చాలామంది చూసి ఉండరు. ప్రింటరు చుక్కలు చుక్కలుగా అచ్చు వేస్తుంది. ప్లాటరు మనిషి లాగా పెన్ను పట్టుకుని గీత గీస్తుంది. పెన్ను దించు, ఫలానా చోటికి పో, ఎత్తు. ఇంతే దాని బతుకు. 1959లో కాల్‌కాంప్ కంపెనీ 565 అనే డ్రమ్ము ప్లాటరు తెచ్చింది. 1980ల ఆరంభంలో హ్యూలెట్ పాకార్డ్ వారి 7470, 7475 నమూనాలు వచ్చాక బల్ల మీద పట్టే ప్లాటర్లు కాలేజీలకూ ఆఫీసులకూ చేరాయి. 1990లలో ఇంక్‌జెట్ యంత్రాలు వచ్చి వీటిని మూలకు తోసేశాయి. డ్రాయింగు హాలులో మా బ్యాచి వాళ్ళం దాని చుట్టూ మూగి చూసేవాళ్ళం. వృత్తం గీస్తుంటే రెండు మోటార్లు రెండు రాగాలు తీస్తాయి, అదొక సంగీతం. నేను చదివినప్పుడు దాన్ని ముట్టుకోనివ్వలేదు. 2010లో పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి పోతే, అటువంటిదే ఒకటి విరిగిన స్టూళ్ళ కింద ఉంది. తూకానికి కొన్నాను.

ప్లాటరుకూ సర్క్యూట్ బోర్డుకూ చుట్టరికం కొత్తది కాదు. అచ్చు సర్క్యూటుకు ఆద్యుడుగా చెప్పే పాల్ ఐస్లర్ వియన్నాలో పుట్టినవాడు, 1936లో ఇంగ్లండు చేరి అక్కడ ఆ పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలలో బోర్డుల ఫిల్ములు గీయడానికి వాడిన ఫోటోప్లాటరు జోసెఫ్ గెర్బర్ కంపెనీది. అందులో పెన్నుకు బదులు వెలుతురు ఉంటుంది, వేరు వేరు సైజు రంధ్రాల గుండా ఫిల్ము మీద పడి గీత అవుతుంది. ఆ గెర్బరూ వియన్నావాడే! నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరిన కుర్రవాడు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల బోర్డు చేయించాలన్నా పంపే ఫైలును 'గెర్బర్ ఫైలు' అంటాం. అంటే ప్లాటరు భాషలోనే మాట్లాడుతున్నామన్న మాట. కనుక నేను ప్లాటరు చేత బోర్డు గీయించడం విడ్డూరమేమీ కాదు, దాని కులవృత్తి దానికి తిరిగి అప్పజెప్పాను.

ఇక్కడొక హెచ్చరిక. ప్లాటర్లలో రెండు జాతులున్నాయి. ఒకదానిలో పెన్ను అడ్డంగా కదులుతుంది, కాగితాన్ని గరుకు చక్రాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగుతాయి. హెచ్.పి. 7475 ఆ జాతిది. దానిలోకి గట్టి పలక పోదు, వంగే పల్చని రాగి షీటు అయితేనే పోతుంది. రెండో జాతిలో కాగితం బల్ల మీద కదలకుండా ఉంటుంది, పెన్నే రెండు దిక్కులా తిరుగుతుంది. మనకు కావలసింది ఇదీ. నాకు దొరికింది రోలాండ్ వారి డి.ఎక్స్.వై. వరుసలోది, ఎ3 సైజు, ఎనిమిది పెన్నుల గూడు. కొనేముందు ఈ తేడా చూసుకున్నానని చెప్పుకోవాలని ఉంది గాని, నిజానికి అప్పుడు నాకు తెలియదు. అదృష్టం.

పలక మందం 1.6 మిల్లీమీటర్లు. ప్లాటరు కాగితం కోసం పుట్టింది గనుక పెన్ను ఎత్తినా పలకకు రాసుకుంటుంది. అందుకని పెన్నును దాని గూట్లో రెండు మిల్లీమీటర్లు పైకి బిగించాలి. పాత పెన్నులు ఎట్లాగూ ఎండిపోయాయి. ఒక ఎండిన పెన్ను లోపలి సరుకు తీసేసి, ఆ డొప్పలో మార్కరు ముక్కును ఇమిడ్చాను. ఇదంతా ఒక సాయంత్రం పని. యంత్రాన్ని కంప్యూటరుకు కలపడం మరో సాయంత్రం. ప్లాటరుది పాత సీరియల్ పోర్టు, లాప్‌టాప్‌ది యు.ఎస్.బి., మధ్యలో మార్చే తీగ బజారులో దొరుకుతుంది. ఆ తీగలో హ్యాండ్‌షేక్ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవాలి. ప్లాటరు జ్ఞాపకం బహు చిన్నది. 'ఆగు, నిండింది' అని అది చెప్పే మాట కంప్యూటరుకు వినబడకపోతే, గీతల్లో కొన్ని గాలిలో కలిసిపోతాయి.

దాని భాష పేరు హెచ్.పి.జి.ఎల్. నేను చూసిన కంప్యూటరు భాషలన్నిటిలో ఇంత మర్యాదైనది లేదు. పి.యు. అంటే పెన్ను ఎత్తు. పి.డి. అంటే దించు. పి.ఎ. అని రెండు అంకెలు ఇస్తే ఆ చోటికి పో. వి.ఎస్. అంటే వేగం. ఒక మిల్లీమీటరుకు 40 కొలతలు, అనగా ఒక్కో కొలత 0.025 మిల్లీమీటరు. మన అవసరానికి ఇంత నిశితం ఎక్కువే. అయితే ఒక చిక్కుంది. ఐ.సి. కాళ్ళ దూరం 2.54 మిల్లీమీటర్లు అంటే 101.6 కొలతలు. 102గా దిద్ది ఒక్కో అడుగూ వేసుకుంటూ పోతే, 40 కాళ్ళ ఐ.సి.లో ఒక వరుస చివరికి వచ్చేసరికి 19 అడుగుల్లో 7.6 కొలతలు పేరుకుని దాదాపు 0.2 మిల్లీమీటరు తప్పు వస్తుంది. అందుకే పక్క చుక్క నుంచి దూరం చెప్పకూడదు, ఎప్పుడూ మూల నుంచి లెక్క చెప్పాలి. మొదటి ప్రోగ్రాము నేనే రాసుకున్నాను, ఈ తప్పు చేశాను. తర్వాత కైకాడ్ వాడాను. 1992లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో జాన్ పియేర్ షారాస్ అనే కాలేజీ అధ్యాపకుడు మొదలుపెట్టిన ఉచిత సాఫ్టువేరది. నేను వాడిన వెర్షను నేరుగా ప్లాటరు భాషలోనే ఫైలు ఇచ్చేది.

పెన్ను కొన వెడల్పు 0.4 అనుకోండి. 0.8 వెడల్పు దారి కావాలంటే నడిమి గీత నుంచి అటు 0.2, ఇటు 0.2 దూరంలో రెండు గీతలు గీస్తే లెక్కకు సరిపోతుంది, కాని నడుమ సన్నని బట్టతల మిగులుతుంది. మూడు గీయాలి, నడుమ కూడా ఒకటి. గుండ్రని ప్యాడ్లకు చుట్టు లోపల చుట్టు.

ఇంతదాకా చెప్పింది యంత్రం కథ. యంత్రం ఎప్పుడూ ఏడిపించలేదు. ఏడిపించింది సిరా.

కాగితం సిరాను తాగుతుంది, రాగి తాగదు. పైన నిలబడి ఉంటుంది. రాగి మీద ఏ మాత్రం చేతి జిడ్డు ఉన్నా సిరా ముడుచుకుని పూసల్లా అవుతుంది, తామరాకు మీద నీళ్ళు ఎట్లాగో అట్లా. తెల్లారి మెరిసే రాగి సాయంత్రానికి మసకబారుతుంది. మా అమ్మ బిందెలు తోమడం చూసి నేర్చిన మాట ఇది: పలకను ముందు చింతపండు గుజ్జుతో రుద్దాలి. చింతపండులోని ఆమ్లం రాగి మీది మసకను తీసేస్తుంది. ఆ తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో ఒకే దిక్కుకు కాకుండా చుట్లు చుట్లుగా రుద్ది, నీళ్ళతో కడిగి, స్పిరిటుతో తుడవాలి. కడిగినప్పుడు నీరు పలకంతా పొరలాగా నిలిస్తే శుభ్రమైనట్లు, చుక్కలుగా విడిపోతే జిడ్డున్నట్లు. ఇక వేలితో ముట్టకూడదు, అంచులు పట్టుకోవాలి. "బిందెలకన్న ఎక్కువ తోముతున్నవ్ గద బిడ్డా" అని మా అమ్మ నవ్వేది.

సిరా విషయంలో అసలు ప్లాటరు సిరాలు పనికిరావు, అవి నీళ్ళలో కరుగుతాయి. స్పిరిటుతో తప్ప పోని శాశ్వత మార్కర్లే కావాలి. లెక్చరర్లు ఓ.హెచ్.పి. పారదర్శకాల మీద రాసిన సన్న పెన్నులున్నాయే, వాటిలో 'పర్మనెంట్' అని ఉన్న రకం బాగా పనిచేస్తుంది. స్టెడ్‌లర్ లూమోకలర్ అనేదానిలో ఎస్ గుర్తుది సుమారు 0.4, ఎఫ్ గుర్తుది 0.6 గీత ఇస్తుంది. ఒకే కంపెనీ పెన్నులో రంగును బట్టి కూడా సిరా బలం మారుతుంది. నా పరీక్షలో నలుపు కన్నా ఎరుపు ఎక్కువసేపు నిలిచింది. మీ చేతికి వచ్చిన పెన్నుతో చిన్న ముక్క మీద ముందు గీసి, ముంచి చూసుకోండి. ఒకరి మాట నమ్మి పెద్ద పలక పాడుచేసుకోవద్దు, నా మాటయినా సరే.

వేగం తగ్గించాలి. కాగితం మీద 7475 సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెత్తగలదు. రాగి మీద నేను 2 సెంటీమీటర్లకు మించనివ్వను. ఒక పూత సరిపోదు. పలక కదలకుండా ఉంటే రెండోసారి సరిగ్గా అదే గీత మీద గీస్తుంది, చేతికి రాని విద్య అదే. కాని తొందరపడితే రెండో పూతలోని ద్రావకం మొదటి పూతను నాని లేపేస్తుంది, పెన్ను కొన దాన్ని గీకేస్తుంది. మొదటి పూతను ఎండలో పదిహేను నిమిషాలు ఆరబెట్టాలి. ఎండకు మా ఊళ్ళో కొదవ లేదు. తీసిన పలకను మళ్ళీ అదే చోట పెట్టడానికి బల్ల మీద ఎల్ ఆకారంలో అట్ట అంటించుకున్నాను.

ముంచే విషయం క్లుప్తంగా చెబుతాను. ప్లాస్టిక్ పళ్ళెం వాడాలి, లోహం పనికిరాదు. ఫెర్రిక్ క్లోరైడు పొడిని నీళ్ళలో కొద్దికొద్దిగా వెయ్యాలి గాని పొడి మీద నీళ్ళు పోయరాదు, బాగా వేడెక్కి పొగ వస్తుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ద్రావణం గోరువెచ్చగా ఉండి పళ్ళేన్ని ఊపుతూ ఉంటే పది ఇరవై నిమిషాల్లో పని అవుతుంది. ఎక్కువసేపు ఉంచితే గీత కిందికి కూడా పక్కల నుంచి తినేస్తుంది. చొక్కా మీద పడితే ఆ చొక్కా ఇక ప్రయోగశాలకే. వాడిన ద్రావణంలో రాగి కరిగి ఉంటుంది. దాన్ని మోరీలో గాని చెట్టు మొదట్లో గాని పోయకూడదు. బట్టల సోడా కొద్దికొద్దిగా కలిపితే పొంగి, బురదగా అడుగుకు చేరుతుంది. ఆ బురదను ఎండబెట్టి డబ్బాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి. నా దగ్గర రెండు డబ్బాలు నిండాయి.

ఇప్పుడు చిన్నాయన మోటారు.

ఆ రోజుల్లో పొలాలకు త్రీ ఫేజు కరెంటు విడతలు విడతలుగా, ఎక్కువగా రాత్రిపూట వచ్చేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటలు ఇస్తున్నారు గాని నేను చెప్పేది 2012 వేసవి మాట. నడిరాత్రి బోరు దగ్గరికి పోయి స్టార్టరు వెయ్యాలి. మోటారు నడుస్తుండగా మూడు ఫేజుల్లో ఒకటి పోయిందనుకోండి, మోటారు ఆగదు. మిగిలిన రెంటి మీదే మూలుగుతూ తిరుగుతుంది. అదే బరువు లాగాలంటే ఆ రెండు తీగల్లో కరెంటు సుమారు 1.7 రెట్లవుతుంది. కాసేపటికి వైండింగు కాలిపోతుంది. వోల్టేజి చూసి కనిపెడదామా అంటే, తిరుగుతున్న మోటారే పోయిన ఫేజు తీగలో వోల్టేజి పుట్టిస్తుంది. ఆ ఫేజుకు బల్బు పెట్టినా వెలుగుతూనే ఉంటుంది. చాలా చవక పరికరాలు మోసపోయేది ఇక్కడే. అందుకని నేను ఒక్కో తీగ చుట్టూ ఒక చిన్న కరెంటు కాయిలు తొడిగాను. తీగలో కరెంటు ఉంటే కాయిలులో కొద్దిపాటి వోల్టేజి వస్తుంది, లేకపోతే రాదు. మూడింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా రిలే లాగి స్టార్టరును పడగొట్టాలి. బోర్డును ప్లాటరు మీద గీశాను, బల్ల మీద పరీక్షించాను, పదిసార్లకు పదిసార్లూ పడగొట్టింది. గర్వంగా తీసుకుపోయి చిన్నాయన స్టార్టరు పెట్టెలో బిగించాను. అప్పుడాయనకు రెండెకరాల చెరకు ఉంది.

నలభై రోజులకు ఫోను వచ్చింది. "ఏంరా, నీ డబ్బ ఉండంగనే మోటరు కాలిపాయె" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బాగుండేది. పైపులు బయటికి తీసి, మోటారు వైండింగుకు ఇచ్చి, మళ్ళీ దింపేసరికి కూలీలతో కలిపి ఎనిమిది వేలు, తొమ్మిది రోజులు. చెరకు ఆకులు చుట్టుకుపోయాయి.

బోర్డు విప్పి చూశాను. మీటరు పెడితే అన్ని దారులూ కూత పెట్టాయి. అంటే కలిసే ఉన్నాయి. భూతద్దం కింద చూస్తే రిలేకు పోయే దారిలో వెంట్రుక లాంటి పగులు కనబడింది. వేలితో నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది. ఆ చోటు ఏదో తెలుసా? ప్లాటరు ఆ గీతను మొదలుపెట్టిన చోటు. పెన్ను గాలిలో ఉన్నంతసేపూ కొన ఆరుతుంది. దించిన వెంటనే మొదటి మిల్లీమీటరు పలుచగా పడుతుంది. రెండో పూతలోనూ అదే చోట మొదలుపెడుతుంది గనుక అదే చోట మళ్ళీ పలుచన. యంత్రం ఎంత నిక్కచ్చిదో దాని తప్పూ అంత నిక్కచ్చిది. చేతితో గీసి ఉంటే తప్పు ఒక్కోసారి ఒక్కో చోట పడేది. పాత బోర్డులన్నీ తీసి చూశాను. గీతలు మొదలైన చోట్ల మూడోవంతు దాకా ఆ పలుచదనం కనిపించింది. చాలావాటిని టంకం కప్పేసి కాపాడింది.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. ఒకటి, ప్రతి గీతకు ముందు పలక అంచు మీది పనికిరాని చోట పెన్నును ఒక సెంటీమీటరు గీయించి, ఆ తడి కొనతోనే అసలు గీతకు పోవడం. గీతల మొదలు, చివర ఒక మిల్లీమీటరు ఒకదాని మీదొకటి ఎక్కాలి. రెండో పూతను వెనక చివర నుంచి మొదలుపెట్టాలి. ఇది ప్రోగ్రాములో నాలుగు వాక్యాలు.

రెండోది పరీక్ష. మీటరు కూతను నమ్మడం మానేశాను. వెంట్రుక మందం రాగి కూడా కూత పెడుతుంది. ఇప్పుడు దారిలో అర ఆంపియరు పారించి రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలుస్తాను. 35 మైక్రాన్ల రాగిలో ఒక చదరపు ముక్కకు అర మిల్లీ ఓము నిరోధం. ఒక మిల్లీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడుగు దారి అంటే నూరు చదరాలు, 50 మిల్లీ ఓములు. అర ఆంపియరుకు 25 మిల్లీవోల్టులు రావాలి. నలభై వచ్చిందంటే ఎక్కడో సన్నబడింది. ముందుగా పలకను బలమైన దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే సూదిమొన రంధ్రాలు నక్షత్రాల్లా కనబడతాయి. గ్లాస్ ఎపాక్సీ పలకయితే ఇంకా స్పష్టం.

మూడోదే అన్నిటికన్నా పెద్దది, ప్లాటరుతో దానికి సంబంధమే లేదు. నా సర్క్యూటులో ఫేజు పోతే రిలే లాగేది. అంటే రక్షించడానికి బోర్డు బతికి ఉండాలి. బోర్డే చస్తే? ఎవరికీ తెలియదు. తిరగేశాను. అంతా బాగున్నంతసేపూ రిలే లాగి పట్టుకునే ఉంటుంది, దాని కాంటాక్టు గుండానే స్టార్టరు నిలుస్తుంది. ఫేజు పోయినా, దారి తెగినా, టంకం ఊడినా, బోర్డుకు కరెంటే రాకపోయినా రిలే వదిలేస్తుంది, మోటారు ఆగిపోతుంది. మొదలుపెట్టేటప్పుడు పచ్చ బటను రెండు సెకన్లు నొక్కి పట్టుకోవాలి, అంతే ఇబ్బంది. ఈ మాట మనకు మూడో సంవత్సరంలోనే చెప్పారు. పరీక్షలో రాశాను కూడా.

మరొక నియమం. ఇంట్లో చేసిన బోర్డు మీదికి లైను వోల్టేజి రానివ్వను. 415 వోల్టులు ఉన్న రెండు దారుల మధ్య సిరా ఒక పోగు లాగిందంటే అక్కడ రాగి పోగు మిగులుతుంది, దాని మీద పచ్చ పూత కూడా ఉండదు. కాయిళ్ళ వల్ల ఆ అవసరం రాదు. బోర్డుకు కావలసిన 12 వోల్టులను కొన్న ట్రాన్స్‌ఫార్మరు వేరే పెట్టెలో ఉండి ఇస్తుంది.

ఇదంతా విని మా విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఇప్పుడు ఇంటర్నెట్టులో ఫైలు పంపితే అయిదు బోర్డులు ఇంటికి వస్తున్నయ్ గద, రెండు వైపులా రాగి, పచ్చ పూత, రంధ్రాల లోపల కూడా రాగి. ఎందుకీ చింతపండు?" అని. నిజమే. కాళ్ళ మధ్య ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ దూరం ఉన్న ఐ.సి. అయితే ప్లాటరు జోలికి పోవద్దు. రెండు వైపులా దారులు కావాలన్నా, మూడు బోర్డులకు మించి కావాలన్నా బయటికే పంపండి. నేనూ పంపుతాను. ఇతర రైతులకు ఇచ్చిన పెట్టెల్లో ఉన్నవన్నీ బయట చేయించినవే. కాని బయటికి పంపిన బోర్డు రావడానికి వారం పది రోజులు. వచ్చాక తప్పు కనబడితే మరో వారం. ప్లాటరు మీద ఉదయం అనుకున్నది సాయంత్రానికి చేతిలో ఉంటుంది, తప్పయితే రాత్రికి మరొకటి. మొదటి నమూనా ఎప్పుడూ తప్పే అవుతుంది గనుక దానికి ఇదే మంచిది. ఇంకొకటి, బయట నుంచి వచ్చిన బోర్డు మీద గీత ఎందుకు తెగిందో ఎవరూ భూతద్దం పెట్టి వెతకరు, పారేసి ఇంకోటి తీసుకుంటారు.

పాత ప్లాటర్లు ఇంకా దొరుకుతున్నాయి. ఏ కాలేజీ స్టోరులోనైనా, ఏ సర్వే ఆఫీసు మెట్ల కిందనైనా ఒకటి ఉండవచ్చు. చూసినప్పుడు ముందు పలక నిలిచే చదును బల్ల ఉందో లేదో చూడండి. తర్వాత పెన్ను బండిని లాగే తీగో బెల్టో చెక్కుచెదరకుండా ఉందో చూడండి. చాలా ప్లాటర్లకు కంప్యూటరు లేకుండానే తమంతట తాము ఒక నమూనా బొమ్మ గీసే ఏర్పాటు ఉంటుంది. ఏదో ఒక మీట నొక్కి పట్టుకుని కరెంటు వేస్తే గీస్తుంది. అది గీసిందంటే తక్కినదంతా మీ ఓపిక.

చిన్నాయన బోరు మీద మాత్రం ఇప్పటికీ ప్లాటరు గీసిన బోర్డే ఉంది, మూడోది. మొన్న దసరాకు పోయినప్పుడు పచ్చ పూత ఉన్న కొత్తది తీసుకుపోయి, "మార్చమంటవా చిన్నాయనా?" అన్నాను. పెట్టె మూత తీసి కాసేపు చూశాడు. "ఇది ఆపుతున్నది గద. పోయిన నెల గూడ రెండుసార్లు ఆపింది" అని మూత వేసేశాడు. కొత్తది నా సంచిలోనే తిరిగి వచ్చింది.